కొడవళ్ళు మింగిన దోమ

మొన్న సెనగపిండి మూట మోపెడ్ మీద పెట్టుకుని పర్వత్ పాటియా మీదుగా వస్తుంటే, ఆరోగ్య కేంద్రం గోడకు కొత్త పోస్టర్ కనిపించింది. అందులో రెండు బొమ్మలు. ఒకటి గుండ్రని ఎర్ర బిళ్ళ. అది బుగ్గలు పొంగించి నవ్వుతోంది. పక్కన కొడవలిలా వంగిన ఇంకో బిళ్ళ. దానికి కోరమీసాలు పెట్టి, కనుబొమలు ముడివేసి, బందిపోటులా గీశారు. పెళ్లికి ముందే రక్తపరీక్ష చేయించుకోండని కింద గుజరాతీలో రాసి ఉంది.

నవ్వొచ్చింది. మా బావ ఉంటే అక్కడే బండి ఆపించి, "నా రక్తానికి మీసాలెవడు వెట్టిండు బావా? నాకు సుత లేవు గదా గంత మంచి మీసాలు" అని ఉండేవాడు. నిజంగానే అతనికి మీసం సరిగా మొలిచేది కాదు. ఎర్ర చీమలు బారుగా పోతున్నట్టు ఉండేది. నిరుటి ముందు చలికాలంలో ఛాతీ పట్టేసిందని ఆస్పత్రికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు.

బావ అంటే తోడబుట్టినదాని మొగుడు కాదు. సూరత్‌లో మా తెలుగు సాంచాల వాళ్ళకు, అంటే మరమగ్గాల మీద బతికేవాళ్ళకు, వరస లేకుండా మాట సాగదు. రైలు దిగినవాణ్ణి ముందు ఊరు అడుగుతారు, వెంటనే ఏదో ఒక చుట్టరికం తగిలిస్తారు. నాకు ఇతను అలా తగిలాడు. కడోదరా పోయే రోడ్డు మీద నా మిర్చి బండి దగ్గరకు మొదటిసారి వచ్చింది మండుటెండలో. ఉన్ని స్వెట్టర్ వేసుకుని, గొంతు దాకా గుండీలు పెట్టుకుని, భుజానికి నీళ్ళ డబ్బా తగిలించుకుని ఉన్నాడు. స్వెట్టర్ కింద ఎవరి ఇంటి మిక్సీనో దాచుకుపోతున్నాడనుకున్నాను. ఏందీ వేషం అంటే, "లోపట ఏసీ వెట్టిచ్చుకున్న బావా. సల్లగాలి బైటికి పోకుండ బొత్తాలు వెట్టిన" అన్నాడు. అబద్ధాల్లో నాకు సరిజోడు దొరికాడని ఆ పూటే తేలిపోయింది.

అతని పని బీములు అతకడం. మగ్గం మీద ఒక బీముకు, అంటే పడుగు చుట్టిన పెద్ద రోలుకు, దారం అయిపోతే, కొత్త బీము పోగుల్ని పాత పోగులకు ఒక్కొక్కటిగా ముడివేయాలి. వేల పోగులు. ముడి వేయడం కనపడేది కాదు, చిటికె వేసినట్టు చప్పుడు మాత్రం వినపడేది. ఈగ వాలి లేచేలోగా దాని ఆరు కాళ్ళూ కట్టేసేవాడని నేను బండి దగ్గర చెబుతుండేవాణ్ణి. అతను పక్కనే ఉండి, "అయిదే. ఆరోది గుంజుకపోయింది" అని సరిదిద్దేవాడు.

నాలుగు ముడులు వేస్తే ఒక గుక్క నీళ్ళు తాగేవాడు. తాగిన నీళ్ళు ఊరుకోవు కదా, లేచి వెళ్ళాలి. షెడ్డు శేఠ్ ఒకసారి గుమ్మంలో నిలబెట్టి, "తూ ఇధర్ కామ్ కర్నే ఆతా హై కి పానీ పీనే?" అన్నాడు. బావ ఛాతీ తట్టుకుని, "శేఠ్‌జీ, ఇంజన్ గరమ్ హో జాతా హై" అన్నాడు. శేఠ్ నవ్వి దారి వదిలాడు. అందరూ అంతే. నవ్వి దారి వదిలేవారు.

పల్సానా వైపు నీళ్ళ ధారతో దారాన్ని తోసే కొత్త మగ్గాలు వచ్చాక, కూలి బాగుందని మా వాళ్ళు చాలామంది అటు పోయారు. ఆ షెడ్లలో నేల తడి, గాలి తడి, మనిషి తడి. ఇతనూ వెళ్ళాడు ఒకనాడు. గుమ్మంలోనే నిలబడి చూసి, నీళ్ళలో కాలు పెట్టిన పిల్లిలా వెనక్కి తీసుకుని వచ్చేశాడు. "ఆడ మగ్గాలకు పడిశెం వట్టింది, మనకెందుకు" అన్నాడు.

కళ్ళు పచ్చగా ఉండేవి. మా దిక్కున పచ్చకళ్ళంటే ఒకటే అర్థం, కామెర్లు. కామెర్లకు ఒకటే మందు, పసరు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన ప్రతివాడూ బావ కళ్ళు చూసి, లోకంలో తనే మొదట కనిపెట్టినట్టు, "అన్నా, నీకు కామెర్లయినయే" అని బెదిరిపోయి, మా బస్తీలో పసరు పోసే ముసలాయన దగ్గరకు లాక్కుపోయేవాడు. బావ ఎవరినీ కాదనేవాడు కాదు. ముక్కులో పసరు పోయించుకునేవాడు. ఉప్పూ కారం లేని పత్యం తినేవాడు. తిని, అవే పచ్చకళ్ళతో పనిలోకి వచ్చేవాడు. తగ్గిందా అని నేనడిగితే, తీసుకుపోయినవాణ్ణి చూపించి, "ఆయనకు తగ్గింది బావా. మొకంల బుగులు పోయింది సూడు" అనేవాడు.

రెండు మూడు నెలలకోసారి మాయమయ్యేవాడు. ముందు రోజు నా బండి దగ్గరకు వచ్చి, "సుట్టం వచ్చేటట్టున్నడు బావా, జర ఇంట్ల ఉండాలె" అని చెప్పి పోయేవాడు. ఆ చుట్టం ఎవరో, ఏ రైలు దిగుతాడో మేమెవరం చూడలేదు. అతను తిరిగి వచ్చేసరికి మాత్రం బుగ్గలు లోపలికి పోయి ఉండేవి. "మీ సుట్టం మంచిగనే తిన్నట్టున్నడు" అని నేను ఏడిపిస్తే, "నన్నే తిన్నడు" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం.

చుట్టం సంగతి ఆస్పత్రిలో బయటపడింది. ఒక వానాకాలం షెడ్డులోనే కూలబడ్డాడు. నేను ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. రెండు రోజులు మంచం మీద ఉంచి, నొప్పికి మందులిచ్చి, రక్తం తీసుకున్నారు. ఆ రక్తం చూసే చోట గుంటూరు వైపు నుంచి చదువు కోసం వచ్చిన ఒక తెలుగు డాక్టరమ్మ ఉంది. మా మాటలు వినపడగానే లేచి వచ్చి, "అయ్యో, మనవాళ్ళేనా మీరు" అని కుర్చీలు వేసింది. మైక్రోస్కోపులో తనే పెట్టి చూపించింది.

"చూడండి. ఎర్ర కణాలు మామూలుగా గుండ్రంగా, మెత్తగా ఉంటాయండి. ఎంత సన్నటి నరంలోంచైనా వంగి జారిపోతాయి. మీవి చాలావరకు కొడవలిలాగా వంగి గట్టిపడిపోయాయి. సన్నదారిలో అడ్డం పడతాయి. అడ్డం పడ్డచోటల్లా నెప్పి. తొందరగా పగిలిపోతాయి కూడా, అందుకే కళ్ళు పచ్చబడతాయి. ఇది కాలేయానికి వచ్చే కామెర్లు కాదండీ. సికిల్ సెల్ అంటాం. పుట్టుకతో వచ్చేది."

బావ ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"నడుమ సుక్క వెట్టినట్టు ఉన్నయేంది మేడం?"

"వాటిని టార్గెట్ కణాలంటామండి. ఇలాంటి రక్తంలో అవీ కనిపిస్తాయి."

"ఇగో, ఇది తోక ఉన్న బొట్టు లెక్కున్నది."

"అదీ ఒక ఆకారమే. కన్నీటి చుక్క అంటాం."

బావ తల ఎత్తి నా వైపు చూశాడు. "నీ బండి మొత్తం ఈడనే ఉన్నది బావా. పునుగులు కొన్ని, గారెలు కొన్ని. మిర్చీలే జర ఎక్కువ ఏసినవ్."

డాక్టరమ్మకు నవ్వాగలేదు. నవ్వుతూనే, పిల్లలున్నారా అని అడిగింది. ఒక్క బిడ్డ అన్నాడు. అప్పుడామె కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"మీలో ఈ దోషం రెండు పాళ్ళూ ఉంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మీ అమ్మాయికి మీ నుంచి ఒక పాలు తప్పకుండా వచ్చి ఉంటుంది. ఒక పాలుంటే ఏం కాదండీ, మామూలుగా బతుకుతుంది. పైకి ఏమీ కనిపించదు. కానీ చేసుకోబోయే అబ్బాయిలో కూడా ఒక పాలుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు భయం ఉంటుంది, మీలాగా పుట్టడానికి." ఆగి, "మీ అమ్మానాన్నలది దగ్గరి సంబంధమా?" అంది.

"మేనరికమే మేడం. మా దాంట్ల అందరు గంతే."

"తోబుట్టువులు?"

"అక్క ఉన్నది, మంచిగనే ఉన్నది. తమ్ముడొకడు ఉండె. సిన్నగున్నప్పుడే కామెర్లతోటి..."

అక్కడ ఆగిపోయాడు. మాట మధ్యలో ఆగిపోవడం అతనిలో నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి తీసుకొచ్చేటప్పుడు ఆటోలో ఉధ్నా దాటాం. తర్వాత, "అక్క కొడుకు, బావా" అన్నాడు. అంతే అన్నాడు. నాకు మిగతాది చెప్పనక్కర్లేదు.

అక్క కడోదరాలో ఉంటుంది. భర్త రంగుల మిల్లులో, కొడుకు ఎంబ్రాయిడరీ మెషీన్ మీద. నాకు వరసకు వదినె. బావ భార్య పిల్లకు మాటలు రాకముందే జ్వరంతో పోతే, ఆ పిల్లను చంకనేసుకుని తీసుకుపోయి పెంచింది ఈమే. పెంచుతూనే కోడల్ని చేసుకుంది. పిల్ల ఊయల్లో ఉండగా, నలుగురి ముందూ, "ఇది నా కోడలు" అని పసుపు కుంకుమ ముట్టించి చెప్పింది. మా వాళ్ళలో ఆ మాట పడ్డాక ఇక అడగడం, ఆలోచించడం ఉండదు. పిల్లకు ఈడు వస్తే ముహూర్తం పెట్టడమొక్కటే మిగులుతుంది. వచ్చే వేసవికి పెళ్ళి అనుకుంటున్నారు అప్పటికే.

డిశ్చార్జి అయిన వారమే బావ నన్ను వెంటబెట్టుకుని కడోదరా పోయాడు. వదినె టీ పెట్టింది. టీ తాగుతూ మెల్లగా అన్నాడు.

"అక్కా, పిలగానికి జర రక్తం సూపిద్దామే."

"నా కొడుకుకేం రోగం?"

"రోగమని గాదు. నా రక్తంల లోపమున్నదన్నరు. నీ దిక్కు సుత వచ్చి ఉండొచ్చట."

"ఎవలన్నరు? గది అడివి దిక్కోళ్ళకు వస్తదట. ఈడ వ్యారా దిక్కు నుంచి వచ్చేటోళ్ళకే సూస్తరట. మనకేడికెల్లి వస్తది, మనం సాంచాలోళ్ళం." ఆమె గ్లాసులు తీసేస్తూ ఇంకో మాట కూడా అంది. "ఇయ్యాల రక్తమంటవ్, రేపు పండ్లు లెక్కవెట్టుమంటవ్. నీ బిడ్డను సంకనేసుకున్నప్పుడు నేను సూసిన్నా ఏమన్న?"

బావ ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చి లేచాడు. నేనూ లేచాను.

అక్కడి నుంచి అతనికి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. ఎవరితో మాట్లాడుతున్నా కళ్ళలోకి చూసేవాడు, తెల్లగుడ్డు ఎంత తెల్లగా ఉందోనని. మేనల్లుడు బండి దగ్గరకు వస్తే, కంట్లో నలుసు పడ్డట్టుందని రెప్ప పట్టుకుని కిందికి లాగి చూసేవాడు. వాడు మెట్లెక్కితే కింద నిలబడి ఆయాసం వస్తుందేమోనని చెవి ఒగ్గేవాడు. ఒక పాలున్నవాడికి పైకి ఏమీ తెలియదని డాక్టరమ్మ చెప్పింది కదయ్యా అంటే వినేవాడు కాదు. చేతిలో మిర్చి చల్లారిపోయేది. నేను ఇంకొకటి వేడిది ఇస్తే అదీ చల్లారిపోయేది. తన నొప్పికి చుట్టం అని పేరు పెట్టి తిప్పుకున్న మనిషి, ఇంకా పుట్టని పిల్ల నొప్పికి పేరు పెట్టలేక అల్లాడిపోయాడు.

ఒక సాయంత్రం మళ్ళీ ఆస్పత్రికి పోయి వచ్చి, బండి దగ్గర స్టూలు మీద కూర్చుంటూ, "బావా, ఒక సంగతి దొరికింది" అన్నాడు. ఒక పాలు కొడవలి రక్తం ఉన్నవాణ్ణి మలేరియా తొందరగా చంపలేదట. అందుకే చలిజ్వరాల ఊళ్ళలో ఈ రక్తం తరాల పాటు నిలబడిందట. డాక్టరమ్మ మాటల్లో మాటగా చెప్పింది.

"అయితే?"

"మా అక్కకు రోగమంటే ఎక్కదు. గొప్ప అంటే ఎక్కుతది. నేను మొదలువెడత, నువ్వు అందుకో. గాని జర నమ్మేటట్టు సెప్పు, నీకు మొదలువెడితే ఆగుడు తెల్వదు."

ఆదివారం పోయాం. వదినె గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. బావ ఊరి ముచ్చట తీసి, గోదారొడ్డు తీసి, చలిజ్వరాలు తీసి, ముత్తాత దగ్గరకు వచ్చాడు. ఊరంతా ముసుగులు తన్ని వణుకుతుంటే ముత్తాత ఒక్కడే లేచి తిరిగాడట. ఎందుకంటే ఆయన రక్తంలో కొడవళ్ళు.

అక్కడ నేను అందుకున్నాను. ఆ కాలంలో దోమ పిచ్చుకంత ఉండేదని చెప్పాను. ముత్తాత వీపు మీద వాలి ఒక్క గుటక వేసిందంటే, లోపలికి పోయిన కొడవళ్ళు అడ్డం తిరిగి దాని కడుపు కోసేసేవని, అది వెల్లకిలా పడి గిలగిల కొట్టుకునేదని చెప్పాను. తెల్లారి ముత్తవ్వ మంచం కింద చీపురు పెట్టి ఊడిస్తే తట్టెడు దోమలు. వాటిని మోయడానికి జీతగాడొకడు. ఈ సంగతి తెలిసి పట్నం నుంచి ఒక దొర గుర్రం మీద వచ్చి, ఆ రక్తం ఒక సీసాడు పోయమన్నాడని చెప్పబోతుంటే, బావ నా కాలు తొక్కాడు.

చిక్కుడుకాయ వదినె చేతిలో ఆగిపోయింది.

"మరి గా రక్తం అందరికి వస్తదా?"

"ఏడొస్తదక్కా. గట్టి వంశంల ఒకలిద్దరికి."

"నా కొడుకుకు సిన్నప్పటి నుంచి జరమన్నది ఎరుకలేదు" అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

మర్నాడే కొడుకును పనిలోంచి లేపి ఆస్పత్రికి తీసుకుపోయింది. వాడు చేయి చాచి రక్తమిచ్చి మెషీన్ దగ్గరకు పరుగెత్తాడు. ఫలితం వచ్చే రోజున ఆమె ఒక్కతే వెళ్ళింది. వాళ్ళు హిందీలో ఏదో జాగ్రత్త చెబుతుంటే, "ఉన్నయా లేవా, గది సెప్పుర్రి" అని గద్దించి, తెలుసుకుని, నేరుగా నా బండి దగ్గరకు వచ్చింది. చేతిలో ఘారీ మిఠాయి పెట్టె. బావ స్టూలు మీద ఉన్నాడు.

"నోరు తెరువు తమ్మీ," అని అతని నోట్లో మిఠాయి పెట్టింది. "నా కొడుకుకు సుత ఉన్నయ్. ముత్తాత కొడవండ్లే."

బావ నమలడం ఆపేశాడు.

"పిల్లకు ఉన్నయ్, పిలగానికి ఉన్నయ్. ఇగ వీళ్ళకు పుట్టేటోళ్ళను ఏ దోమ ముడుతది? ఏమంటవ్ మరిదీ?"

నూనె కాగి పొగ వస్తున్నా నేను చూసుకోలేదు. ఆమె బండి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ మిఠాయి పంచి, ముహూర్తానికి పంతులుతో మాట్లాడాలని ఆటో ఎక్కింది. బావ మిఠాయి కష్టపడి మింగి, నీళ్ళు తాగి, "మన కత పని జేసింది బావా," అన్నాడు. "జర ఎక్కువ జేసింది."

మర్నాడు పొద్దున్నే నన్ను లేపి మళ్ళీ కడోదరా తీసుకుపోయాడు. ఈసారి కథల్లేవు. ముత్తాతా లేడు, దోమా లేదు, అంతా మేం అల్లిందేనని చెప్పేశాడు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. పెళ్ళి చేసుకోవద్దని ఎవరూ అనడం లేదని, కడుపులో ఉండగానే బిడ్డకు పరీక్షలున్నాయని, కానీ ప్రతి కాన్పుకూ ఆ నాలుగో వంతు గుండె మీద పెట్టుకుని కూర్చోవాలని చెప్పాడు.

వదినె చివరిదాకా విన్నది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"సరే, నువ్వు జెప్పేది నిజమే అనుకుందాం. ఒక పాలు గాదు, నీకు రెండు పాళ్ళున్నయ్. నీకేమైంది తమ్మీ? పెండ్లి జేస్కున్నవ్. బిడ్డను గన్నవ్. నవ్వుకుంట తిరుగుతున్నవ్. అప్పుడప్పుడు నాలుగు దినాలు పంటవ్, లేస్తవ్. గింతేనా గా రోగం? నీ లెక్క నవ్వుకుంట బతికే మనుమడు పుడితే నాకేం బాధ?"

ఇన్నేళ్ళు బావ కట్టిన వేషం అంత బాగా కుదిరింది. స్వెట్టర్ లోపలి ఏసీ, చుట్టం, ఇంజన్. సొంత అక్కే నమ్మేసింది.

తిరుగు దారిలో బండి దగ్గర దిగి, ఇంటికి పోయాడు. సాయంత్రం బావ కూతురు వచ్చింది. బడికి పోయే ఈడు నుంచీ మళ్ళీ తండ్రి దగ్గరే ఉంటోంది. చీరల మార్కెట్‌లో బిల్లులు కొట్టే పని. సూరత్‌లో పెరిగిన పిల్ల, మూడు భాషలు కలిపి మాట్లాడుతుంది.

"మామా, ఒకటి అడగాలే. పప్పా ఏం చెప్పిండు అత్తకు?"

చెప్పాను. పునుగులు ముందు పెట్టాను, ముట్టుకోలేదు.

"నాకు మా బావంటే ఇష్టమే మామా. ఝూట్ ఎందుకు చెప్పాలే. కానీ పప్పాకు నొప్పొస్తే రూమ్ బంద్ చేసుకుంటడు, నన్ను రానియ్యడు. నేను బయట కూసుంట. లోపల ఏం అయితుందో తెల్వదు, బస్, సౌండ్ వస్తది. చిన్నప్పటి నుంచి అదే నా డ్యూటీ." చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. "రేపు నాకు బేబీ అయి, ఆ బేబీ లోపల, నేను బయట... నాతోటి కాదు మామా. కానీ అత్తకు ఏ నోటితో చెప్పాలే? ఆమెనే కదా నన్ను పెంచింది."

"మరి మీ బావ ఏమంటడు?"

"వాళ్ళ మమ్మీ ఏమంటే అది అంటడు. సీదా మనిషి."

చలిగాలి తిరిగింది. ముహూర్తం పెట్టడానికి ఒక ఆదివారం పంతులు కడోదరా వస్తాడని అనుకున్నారు. ఆ ఆదివారం పొద్దున్నే పిల్ల నాకు ఫోన్ చేసింది. పప్పాకు మళ్ళీ నొప్పి వచ్చిందంది. బండి తెరవకుండానే పోయాను.

వాళ్ళది ముందొక గది, వెనకొక గది. వెనక గది తలుపు ఓరగా ఉంది. లోపలి నుంచి బావ గొంతు వచ్చింది, గుర్తు పట్టలేనంత సన్నగా.

"అక్కను పిలువుర్రి."

పిల్ల నా ముఖం చూసింది. అతను అలాంటప్పుడు ఎవర్నీ పిలిపించుకున్నవాడు కాదు. అంబులెన్సుకు ఒక ఫోను, కడోదరాకు ఒక ఫోను చేశాను. ఆదివారం కావడంతో రోడ్డు ఖాళీగా ఉన్నట్టుంది, అంబులెన్సు కన్నా వదినె ఆటోనే ముందు వచ్చింది. ముహూర్తానికని పట్టుచీర కట్టుకుని ఉంది. లోపలికి పోతూ అలవాటుగా తలుపు దగ్గరికి వేయబోయింది.

"ముయ్యకు," అన్నాడు బావ. "అందరు సూడుర్రి."

మేం గుమ్మంలో నిలబడి చూశాం. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పక్కకు పడి ఉన్నాడు. తువ్వాలు పళ్ళ మధ్య ఉంది. స్వెట్టర్ తడిసిపోయింది. ఈగ కాళ్ళు కట్టేస్తాడని నేను ఊరంతా చెప్పిన ఆ వేళ్ళు మంచం పట్టెను పట్టుకుని తెల్లగా అయిపోయాయి. పిల్ల నా చేయి పట్టుకుంది.

"ఏడ నొస్తుంది తమ్మీ? ఏడ?" అంటూ వదినె అతని కాళ్ళు పట్టి రుద్దబోయింది. ఆమె చేయి తగలగానే అతని ఒళ్ళంతా ఎగిరిపడింది. ఆమె చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఎక్కడా ముట్టుకోవడానికి చోటు లేదు. అప్పుడతని గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. ఏడుపు కాదు, అరుపు కాదు. సన్నగా మొదలై, ఆగి, మళ్ళీ అక్కడి నుంచే అందుకునే మూలుగు.

వదినె కదలకుండా విన్నది.

"సిన్నోడు," అంది.

ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"మా సిన్న తమ్ముడు గిట్లనే మూలిగిండు. అమ్మ నన్ను బైటికి పంపింది, ఆడుకొమ్మని. వాకిట్ల గచ్చకాయలు ఆడుకుంట ఇన్న నేను. ఇదే మూలుగు." ఆమె అరచేతులు ఒడిలో వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తోంది. "నాకు యాదికి లేదనుకున్న."

ఆమె ఫోను మోగింది. అవతల భర్త. పంతులు వచ్చి కూర్చున్నాడని, నలుగురు పెద్దమనుషులు చాపల మీద ఉన్నారని, ఎంతసేపని అంటున్నాడు. ఆయన గొంతు గుమ్మం దాకా వినపడింది.

"పంతులును పొమ్మను," అంది వదినె.

అవతల ఏదో అన్నాడు.

"ఎందుకేంది? నా కొడుకు రక్తంల లోపమున్నది. గందుకు." ఆమె లేచి నిలబడింది. "పిల్లది గాదు. పిల్ల మంచిగున్నది. మన పిలగానిదే. ఫోన్ పెద్దగ వెట్టి అందరికి ఇనవడేటట్టు చెయ్, నేనే చెప్త." ఆ తర్వాత, పెద్దమనుషులు నలుగురికీ, పంతులుకూ, మా సందులో నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళకూ వినపడేలా ఇంకోసారి చెప్పింది, లోపం తన కొడుకు రక్తంలోనే ఉందని.

ఊయల్లో కలిపిన సంబంధం పెళ్ళి దాకా వచ్చి ఆగిపోతే, మా వాళ్ళు ఏడాది పాటు పిల్లలోనే వంకలు వెతుకుతారు. వెతకడానికి ఆమె ఏమీ మిగల్చలేదు.

బావ పళ్ళ మధ్య నుంచి తువ్వాలు తీశాడు.

"మెల్లగ జెప్పక్కా," అన్నాడు, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ. "రేపు నీ కొడుకుకు పిల్లనెవలిస్తరు?"

"ఇస్తరు." ఆమె పట్టుచీర కొంగుతో అతని ముఖం తుడిచింది. "ముందుగాల ఆ పిల్ల రక్తం జూస్త. మొకం తర్వాత జూస్త."

అతను నవ్వబోయాడు. సగంలో నొప్పి అందుకుంది. అది వదిలేదాకా పళ్ళు బిగించి ఉండి, మిగిలిన సగం అప్పుడు నవ్వాడు.